నాన్న కుడిచేతిని ఎవరు కడగాలి?

నాన్న గడియారాలు బాగుచేసేవారు. నలభై ఏళ్ళు అదే పని. పొద్దున బల్ల ముందు కూర్చోబోయే ముందు సబ్బుతో చేతులు కడుక్కుని, పొడి గుడ్డతో ఒక్కో వేలూ విడిగా తుడుచుకుని, గోళ్ళు వెలుతురుకి పెట్టి చూసుకునేవారు. వేలి చెమట లోపలి చక్రానికి అంటితే కొన్నాళ్ళకి అక్కడ తుప్పు మచ్చ పడుతుందని చెప్పేవారు. చిన్నప్పుడు నేను ఆ బల్ల దగ్గరికి వెళ్ళాలంటే ముందు రెండు చేతులూ చాపి చూపించాల్సిందే.

కేర్ హోమ్‌లో చేరిన మూడో నెలలో, ఒక మధ్యాహ్నం భోజనం వేళకి వెళ్ళినప్పుడు అదే మనిషి వేళ్ళు చూశాను. గోళ్ళ కింద నల్లగా ఉంది. బొటనవేలి మడతలో ఏదో ఎండి అంటుకుపోయి ఉంది. ఆ చేత్తోనే ముద్ద తీసి నోట్లో పెట్టుకుంటున్నారు. పక్కన వడ్డిస్తున్న ఆయమ్మ అంతకుముందే చేతులు కడుక్కుంది, నేను చూశాను. నేను కూడా గుమ్మం దగ్గర శానిటైజర్ రాసుకునే లోపలికి వచ్చాను. నాన్న చేతుల సంగతి మాత్రం ఆమెకీ తట్టలేదు, నాకూ తట్టలేదు. మూడు నెలల్లో ఎన్ని భోజనాలు అలా గడిచాయో లెక్క వేసుకుంటే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నాన్నకి పక్షవాతం ఎడమవైపు వచ్చింది. ఎడమచెయ్యి పిడికిలి బిగుసుకుని ఛాతీకి దగ్గరగా ముడుచుకునే ఉంటుంది. కుడిచెయ్యి బాగానే పనిచేస్తుంది. స్పూన్ పట్టుకుంటారు, పేపర్ తిప్పుతారు, ఎవరూ తినిపించక్కర్లేదు. అందుకే ఆయన పేరు 'సొంతంగా తినగలరు' అనే జాబితాలో ఉంది. తినగలిగిన మనిషి చెయ్యి కూడా కడుక్కోగలడనే మేమంతా అనుకున్నాం.

మీ ఎడమచేతిని ఒకసారి జేబులో పెట్టుకుని కుడిచెయ్యి కడుక్కుని చూడండి. కుడి అరచేతిని రుద్దేది ఎడమచెయ్యే. అది లేకపోతే కుళాయి కింద చెయ్యి తడుస్తుంది, అంతే. శానిటైజర్ పరిస్థితీ అదే, అరచేతిలో పడిన చుక్కని వేళ్ళ సందుల్లోకి రాయడానికి రెండో చెయ్యి కావాలి. నాన్న మూడు నెలలుగా చేసింది ఏమిటంటే, ఎవరైనా బేసిన్ దాకా తీసుకెళ్తే నీళ్ళ కింద వేళ్ళు పెట్టి, ప్యాంటుకి తుడుచుకుని వచ్చేయడం. నలభై ఏళ్ళు ఒక్కో వేలూ తుడుచుకున్న మనిషి, ఇప్పుడు నా వల్ల కావట్లేదని నోరు తెరిచి అడగలేకపోయారు.

తర్వాతి ఆదివారం పొద్దున్నే వెళ్ళి పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా పక్కనే కూర్చున్నాను. ఆ కుడిచెయ్యి వేటివేటిని ముట్టుకుంటోందో చూద్దామని. మంచం పక్క కమ్మీ. టీవీ రిమోట్, అది గదిలో ఇద్దరికీ కలిపి ఒకటే. పిలుపు గంట బటన్. ముక్కు. కళ్ళజోడు. బిగిసిన ఎడమ పిడికిలిని మాటిమాటికీ పట్టుకుని ఒళ్ళోకి సర్దుకుంటారు, ఆ పిడికిలి లోపల ఎప్పుడూ చెమటే. యూరిన్ పాట్ పిడి. తర్వాత వీల్‌చైర్. ఆయన చక్రం అంచు పట్టుకుని తోసుకుంటారు. ఆ చక్రం టాయిలెట్ నేల మీద తిరిగింది, వరండా మీద తిరిగింది, భోజనాల గదిలోకీ అదే వచ్చింది. బల్ల దగ్గర ఆగాక ఆయన తిన్నగా పళ్ళెం అంచు పట్టుకున్నారు.

ఇంకొకటి చూశాను, చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా చెప్పాలి. మంచం మీదకి జరిపే బల్ల ఉంటుంది కదా, కదలలేని వాళ్ళకి దాని మీదే భోజనం పెడతారు. పక్క మంచం పెద్దాయనకి చేతికి అందాలని యూరిన్ పాట్‌ని రాత్రంతా ఆ బల్ల మీదే ఉంచారు. పొద్దున తీసేశారు. బల్ల తుడవలేదు. టిఫిన్ పళ్ళెం సరిగ్గా అక్కడే పెట్టారు. ఎవరి మీదా కోపంతో రాయడం లేదు. ఆ అంతస్తులో భోజనాల వేళ పదకొండు మందికి ఒక్క ఆయమ్మే ఉండేది.

అంతకుముందు నెలలో అక్కడ వాంతులు, విరేచనాలు ఒకరి నుంచి ఒకరికి పాకాయి. నాన్నకీ వచ్చాయి. రెండు రోజుల్లో నాలుక ఎండిపోయి, మాట తడబడి, ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. అది ఆయన చెయ్యి కడగకపోవడం వల్లే వచ్చిందని నేననను, ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ తేల్చలేదు. కానీ ఆ రోజుల్లో నర్సు చెప్పిన మాటలు నాకు గుర్తుండిపోయాయి. నోరోవైరస్ లాంటివి బహు కొద్ది కణాలు కడుపులోకి వెళ్ళినా చాలట, మనిషిని పడగొట్టేస్తాయి. లోపలికి వెళ్ళిన 12 నుంచి 48 గంటల్లో లక్షణాలు మొదలవుతాయి. దాని మీద శానిటైజర్ అంతగా పనిచేయదు, సబ్బూ నీళ్ళే కావాలి. యాంటీబయాటిక్స్ వాడాక కొందరికి వచ్చే సి. డిఫిసిల్ అనే బ్యాక్టీరియా విరేచనాల విషయంలోనూ అంతే, దాని బీజాలు ఆల్కహాల్‌కి చావవు, రుద్ది కడిగి నీళ్ళతో పంపేయాల్సిందే. మనం జబ్బుచేస్తే రెండు రోజులు పడుకుని లేస్తాం. ఎనభై దాటిన వాళ్ళ ఒంట్లో నీళ్ళు తగ్గిపోవడానికి ఒక్క రోజు చాలు.

నర్సుల గదిలో బేసిన్ పైన ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళ పోస్టర్ ఉంది. రోగిని ముట్టుకునే ముందు, శుభ్రమైన పని ఏదైనా చేసే ముందు, ఒంట్లోంచి వచ్చే ద్రవాలు తగిలే అవకాశం ఉన్న పని తర్వాత, రోగిని ముట్టుకున్న తర్వాత, రోగి చుట్టూ ఉన్న వస్తువుల్ని ముట్టుకున్న తర్వాత. చేతులు శుభ్రం చేసుకోవాల్సిన ఐదు సందర్భాలు. చాలా మంచి పోస్టర్. అది సిబ్బంది కోసం తయారుచేసింది కాబట్టి అందులో రోగి చెయ్యి లేదు. నేను దాన్ని ఎన్నిసార్లు చదివానో. 1847లో వియన్నా ప్రసూతి ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, శవపరీక్ష గదిలోంచి నేరుగా కాన్పులకు వస్తున్న వైద్య విద్యార్థుల చేత క్లోరిన్ కలిపిన నీళ్ళతో చేతులు కడిగించాడు. ఏప్రిల్‌లో నూటికి 18 మంది బాలింతలు చనిపోయిన వార్డులో, జూన్ నుంచి అది నూటికి ఇద్దరి దాకా పడిపోయింది. ఆసుపత్రుల్లో చేతుల గురించి మాట్లాడటం అలా వైద్యం చేసేవాళ్ళ చేతులతో మొదలైంది. మంచంలో ఉన్న మనిషి కూడా రోజుకి మూడుసార్లు తన చేతిని తన నోట్లో పెట్టుకుంటాడన్న విషయం మాత్రం ఇప్పటికీ ఎవరో ఒకరు గుర్తు చేస్తే తప్ప గుర్తుకు రాదు.

ఇన్‌ఛార్జి గారితో మాట్లాడాను. ఆవిడ విన్నారు, భోజనానికి ముందు అందరి చేతులూ కడిగించడం మరుసటి రోజు నుంచే మొదలుపెట్టించారు. అయితే మొదటి వారం జరిగింది చూసి నాకు టెన్షన్ ఇంకా పెరిగింది. ఒక టబ్బులో గోరువెచ్చని నీళ్ళు, ఒక టవల్. ఆయమ్మ ఒక్కొక్కరి దగ్గరికీ ఆ టబ్బు తీసుకెళ్ళి చేతులు ముంచి, అదే టవల్‌తో తుడుస్తోంది. నాలుగో మనిషి దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు మబ్బుగా ఉన్నాయి, టవల్ తడిసి ముద్దయింది. నాన్న ఏడోవారు. పాపం ఆమె మంచి మనసుతోనే చేస్తోంది. కానీ ఒకరి చేతి మీద ఉన్నది మిగతా పదిమందికీ పంచడానికి అంతకంటే సులువైన దారి లేదు. నేను మెల్లగా చెప్పాను, "అక్కా, ఒకే నీళ్ళలో అందరి చేతులూ వద్దు" అని. ఆమె నొచ్చుకోలేదు. "మరి పదకొండు టబ్బులు ఎక్కడ తేను?" అంది. సరైన ప్రశ్నే.

కొన్ని వారాలు అటూ ఇటూ మార్చి చూశాక ఇలా కుదిరింది. చిన్న మెత్తటి గుడ్డలు మనిషికి రెండు చొప్పున. ఒకటి సబ్బు నీళ్ళలో తడిపి పిండినది, రెండోది మామూలు నీళ్ళలో తడిపినది. మూత ఉన్న డబ్బాల్లో పెడితే వెచ్చగానే ఉంటాయి. తుడుచుకోవడానికి విడిగా పొడి పేపర్ టవల్. వాడినవి నేరుగా వేరే బుట్టలోకి, ఉతికి ఆరేశాకే మళ్ళీ డబ్బాలోకి. బేసిన్ దగ్గరికి వెళ్ళగలిగిన వాళ్ళు కుళాయి కిందే కడుక్కుంటారు, అది అన్నిటికన్నా మేలు. వాంతులు, విరేచనాలు తిరుగుతున్న రోజుల్లో మాత్రం గుడ్డలతో సరిపెట్టకుండా కుర్చీలో ఉన్నవాళ్ళని కూడా బేసిన్ దాకా తీసుకెళ్తారు. వెట్ వైప్స్ కూడా ప్రయత్నించాం. పైపైన తుడవడానికి సరే. గోళ్ళ కింద, మడతల్లో ఎండిపోయిన దానికి సరిపోలేదు. ఇక మనిషికి ఒక్క వైప్ ఇస్తే, రెండో చేతికి వచ్చేసరికి అది మొదటి చేతి మురికితో వస్తుంది.

గుడ్డల కంటే ముందు నేర్చుకోవాల్సి వచ్చింది వరస. మొదట్లో గదిలో చేతులు తుడిచి, ఆ తర్వాత "పదండి భోజనానికి" అనేవాళ్ళు. నాన్న చక్రం తోసుకుంటూ వచ్చేవారు. వాకర్ పట్టుకున్న వాళ్ళు ఆ పిడిని పట్టుకుని వచ్చేవాళ్ళు. వచ్చి కూర్చునేసరికి కడిగిందంతా వృథా. ఇప్పుడు టాయిలెట్ పని అయ్యాక అక్కడ ఎలాగూ కడుగుతారు, మళ్ళీ బల్ల దగ్గర కుర్చీ ఆగి, బ్రేక్ వేశాక, పళ్ళెం వచ్చే ముందు మరోసారి. బల్ల తుడవడం దానికంటే ముందే అయిపోవాలి. వంటగది వాళ్ళతో మాట్లాడి వడ్డన ఒక పావుగంట జరిపారు. ఆ పావుగంట లేకపోతే ఎన్ని గుడ్డలు ఉన్నా ఈ పని జరిగేది కాదని నాకు గట్టిగా అనిపిస్తుంది. భోజనం చల్లారిపోతోందన్న తొందరలో ముందుగా వదిలేసేది చేతులే.

నాన్న విషయంలో గుడ్డ పనికిరాలేదు. ఆయమ్మ చెయ్యి పట్టుకోబోతే చెయ్యి వెనక్కి లాక్కున్నారు. "నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా?" అన్నారు. ఆ గొంతులో కోపం కంటే అవమానం ఎక్కువ వినిపించింది. తర్వాత ఫిజియోథెరపీ అమ్మాయి ఒక చిన్న బ్రష్ తెచ్చింది. కింద రబ్బరు పట్టులు ఉంటాయి, బేసిన్ గోడకి నొక్కితే అతుక్కుపోతుంది. బ్రష్ కదలదు, చెయ్యే దాని మీద కదలాలి. దాని మీద సబ్బు వేసుకుని నాన్న అరచెయ్యి రుద్దుకున్నారు, తర్వాత వేళ్ళ కొసలు, తర్వాత గోళ్ళు. బొటనవేలు ఒక్కటి మొదట కుదరలేదు, మణికట్టు తిప్పి అదీ పట్టుకున్నారు. అందరూ వదిలేసేది ఆ బొటనవేలు, వేళ్ళ కొసలేనట, నోటి దగ్గరికి వెళ్ళేవీ అవే. 20 సెకన్లు రుద్దాలని ఆ అమ్మాయి చెబితే నాన్న ఎదురుగా గోడ గడియారం పెట్టమన్నారు. సెకన్ల ముల్లు ఉన్నదే కావాలన్నారు. పెట్టించాం. పళ్ళెం వచ్చే ముందు రుద్దుకోవడానికి, బల్ల మీద జారని మ్యాట్ వేసి, దాని మీద సబ్బు గుడ్డ, పక్కన నీళ్ళ గుడ్డ మడిచి పెడతారు. గుడ్డ కదలకుండా ఉంటుంది కాబట్టి ఒంటిచేత్తోనే తుడుచుకుంటారు. ఎవరూ పట్టుకోనక్కర్లేదు.

ఎడమ పిడికిలి సంగతి మాత్రం వేరు. అది ఆయన తెరవలేరు, ఇంకొకరు తెరవాలి. చాలా రోజులు ఎవరూ తెరవలేదు, నొప్పెడుతుందేమోనని నేనూ భయపడ్డాను. మొదటిసారి తెరిచినప్పుడు వచ్చిన వాసన, తెల్లగా నానిపోయిన అరచేతి చర్మం, గోళ్ళు గుచ్చుకున్న నాలుగు గుర్తులు నాకు ఇంకా కళ్ళముందే ఉన్నాయి. బల్ల మీద పళ్ళెం పక్కనే ఉండే చెయ్యి అది. కుడిచెయ్యి గంటకి పదిసార్లు దాన్ని పట్టుకుంటుంది. అంటే ఆ పిడికిలి కడగకపోతే కుడిచెయ్యి ఎంత కడిగినా లాభం లేదు.

వేళ్ళ కొసలు పట్టుకుని లాగకూడదని ఆ అమ్మాయి నేర్పింది. ముందు మణికట్టు కింద మన చెయ్యి ఆనించి, మెల్లగా మణికట్టుని లోపలి వైపు వంచాలి. అలా వంచగానే వేళ్ళని బిగించే నరాలు, అంటే మనం నరాలు అంటాం గానీ అవి కండరాల తాళ్ళు, వదులవుతాయి. అప్పుడు మన వేలు అరచేతిలోకి జారుతుంది. తడిపిన గుడ్డని వేళ్ళ మధ్యలోంచి పంపి తుడవాలి. నీళ్ళ వేడి ముందు మన మణికట్టు లోపలి వైపు చూసుకోవాలి, ఆ చేతికి స్పర్శ సరిగ్గా తెలియదు, కాలినా చెప్పలేరు. కడిగినదానికంటే ఆరబెట్టడానికి ఎక్కువసేపు పడుతుంది. తడి ఉండిపోతే చర్మం మళ్ళీ నానుతుంది, ఫంగస్ పడుతుంది. పూర్తిగా పొడిగా అయ్యాక మెత్తటి గుడ్డ చుట్టి పిడికిలిలో ఉంచుతాం. గోళ్ళు వారానికోసారి, నానిన తర్వాత, తిన్నగా కత్తిరిస్తాను. ఆ పని ఇప్పటికీ నాదే.

నాన్న బల్ల దగ్గరే కూర్చునే ఒక పెద్దావిడకి మతిమరుపు జబ్బు. ఆవిడ దగ్గర మేమంతా చాలా తప్పులు చేశాం. "చేతులు కడుక్కోండమ్మా" అంటే "నా చేతులు శుభ్రంగానే ఉన్నాయి" అని గట్టిగా అనేవారు. మురికిగా ఉన్నారు అన్నట్టు వినిపించేదేమో. పళ్ళెం పక్కన పెట్టిన వైప్‌ని ఒకసారి నోట్లో పెట్టుకున్నారు. బల్ల మీద ఉన్న శానిటైజర్ జెల్‌ని అరచేతిలో పోసుకుని నాకబోయారు, ఆ రోజు నుంచి ఆ సీసా భోజనాల బల్ల మీద ఉండదు, సిబ్బంది జేబుల్లోనే ఉంటుంది. చివరికి ఆయమ్మే దారి కనిపెట్టింది. ఏమీ చెప్పకుండా ఆవిడ పక్కన కూర్చుని, వెచ్చని గుడ్డతో ముందు తన చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టింది, నెమ్మదిగా, ఆవిడకి కనిపించేలా. రెండో గుడ్డ ఆవిడ చేతిలో పెట్టింది. కాసేపు చూసి, ఆవిడా తుడుచుకున్నారు. ఆగిపోయినప్పుడు ఆయమ్మ తన చెయ్యి ఆవిడ చేతి మీద వేసి కలిపి తిప్పింది. రోజూ ఇలాగే జరుగుతుందని కాదు. కొన్ని రోజులు ఆవిడ గుడ్డని విసిరేస్తారు. అప్పుడు బలవంతపెట్టరు, పది నిమిషాలాగి మళ్ళీ వస్తారు.

తినిపించే వాళ్ళ చేతుల గురించి ఒక్క మాట. ఒకేసారి ఇద్దరికి తినిపించడం తప్పనిసరైనప్పుడు, ఒకరి నోరు తుడిచిన చేత్తో రెండోవారి స్పూన్ పట్టుకోకూడదు, మధ్యలో శుభ్రం చేసుకోవాలి. గ్లౌజులు వేసుకున్నా అంతే. గ్లౌజు వేసుకున్న చేత్తో కళ్ళజోడు సర్ది, కుర్చీ జరిపి, మళ్ళీ పళ్ళెం పట్టుకోవడం నేను చాలాసార్లు చూశాను. మనలా చూడ్డానికి వచ్చే వాళ్ళం కూడా బయటి నుంచి ఫోను పట్టుకుని వచ్చి, అదే చేత్తో "ఒక్క ముద్ద తినండి" అని అందిస్తాం. నేను ఇప్పుడు ఫోను సంచిలో పెట్టి, కడుక్కున్నాకే నాన్న పక్కన కూర్చుంటాను.

భోజనం అయ్యాక కూడా గుడ్డలు మళ్ళీ తిరుగుతాయి. మొదట్లో అది మర్చిపోయేవాళ్ళు. వేళ్ళకి అంటిన మెతుకు సాయంత్రం దాకా అలాగే ఉండేది, ఆ చేత్తోనే కళ్ళు నులుముకునేవారు.

ఇది మొదలై ఏడాది దాటింది. తర్వాత ఆ అంతస్తులో జబ్బులు తగ్గాయా అని అడిగితే నా దగ్గర లెక్కలు లేవు. నాన్న తిండి పెరిగింది, అది నాకు తెలుసు. అంతకుముందు సగం పళ్ళెం వదిలేసి "చాల్లే" అనేవారు. ఎందుకు వదిలేసేవారో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

మొన్న వెళ్ళేసరికి కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. మడిచిన గుడ్డ మీద వేళ్ళు ఒక్కొక్కటిగా తుడుచుకుని, చెయ్యి పైకెత్తి గోళ్ళు వెలుతురుకి పెట్టి చూసుకున్నారు. నేను ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చోబోతుంటే ఆపారు.

"నీ చేతులు చూపించు, అమ్మడూ."

రెండు చేతులూ చాపాను. అటూ ఇటూ తిప్పి చూసి, కూర్చోమన్నారు.